అట్టల మామ గీసిన పాదం

ఇది ఇంతకాలం రాయకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. నలభై దాటాక, పగటి పని ముగించుకుని, సాయంత్రాలు బడి అరుగు మీద కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా నాలుగేళ్లు రాయలేదు. అప్పటికి అట్టల మామ బతికే ఉన్నాడు. గద్వాలలో మా వీధిలో చేతికి దొరికిన ప్రతి కాగితాన్నీ, శనగలు కట్టిన పొట్లాన్ని కూడా, విప్పి చదివే మనిషి ఆయనొక్కడే. నేను రాస్తే ముందు ఆయనే చదివేవాడు. ఆయన చదువుతుంటే ఎదురుగా కూర్చునే ధైర్యం నాకు లేదు.

పోయిన నెల ఆయన పోయాడు. పదోరోజు భోజనాల్లో మా వరసలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, "ఎన్నడన్న ఒక్క అబద్ధమాడిండా? దేవుడసొంటి మనిషి" అన్నాడు. అందరూ అవునన్నారు. నేను సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను. మా ఆయన లేవలేదు. తల వంచుకుని చివరి మెతుకు దాకా తిన్నాడు.

మామ మాకు చుట్టం కాదు. మా ఆయన ఆయన్ని కాకా అనేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. ఆయన పని అట్టలు కొట్టడం. చీర అంచులో మామిడిపిందె రావాలన్నా, నెమలి రావాలన్నా, మగ్గం పైన పోగులు లేపే జకార్డు పెట్టెకు బెజ్జాలు కొట్టిన అట్టలు దండలా కుట్టి వేలాడదీయాలి. బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మామ గళ్ల కాగితం మీద బొమ్మ చూసుకుంటూ, ఇనుప పలక మీద అట్ట పరిచి, సుత్తితో ఒక్కొక్క బెజ్జమే కొట్టేవాడు. అట్ట పూర్తికాగానే వెలుగుకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, బెజ్జాల్లోకి ఉఫ్ఫుమని ఊదేవాడు. ఆ సమయంలో వాకిట్లో ఎవరు నడిచినా అట్టలోంచే చూసి, "ఆ, ఇప్పుడు సక్కగున్నవ్ పో" అనేవాడు.

బెజ్జం కొట్టినప్పుడు మినపగింజంత గుండ్రటి అట్ట బిళ్లలు రాలేవి. అవి ఆయన జుట్టులో, చేతుల మీది వెంట్రుకల్లో, ధోవతి మడతల్లో ఇరుక్కునేవి. బజారుకు పోయినా, దవాఖానకు పోయినా రాల్చుకుంటూనే పోయేవాడు.

"ఈ ముసలోడు రోజూ పెండ్లికొడుకే. అక్షింతలు ఏసుకోని తిరుగుతడు. ఊడ్సుడు మాత్రం నాకు" అని అత్త, అంటే ఆయన భార్య, చీపురు నేలకేసి కొట్టేది.

"నువ్వు ఊడుస్తున్నవనే గదనే రోజూ పెండ్లి సేసుకుంటున్న" అనేవాడు మామ, సుత్తి ఆపకుండా.

మా వీధిలో సగం ఇళ్లల్లో మగవాళ్లు ఉండేవాళ్లు కాదు. మరమగ్గాల మీద పనికి సోలాపూర్ పోయేవాళ్లు కొందరు, బీవండి పోయేవాళ్లు కొందరు. మా ఆయన బీవండిలో ఉండేవాడు. అక్కడి నుంచి ఉత్తరం వస్తే మా ఆడవాళ్లందరం మామ గడప దగ్గరికే తీసుకుపోయేవాళ్లం. ఆయన చదివే పద్ధతి ఒకటుంది. ముందు ఉత్తరమంతా పెదవులు కదపకుండా లోపల చదువుకునేవాడు. ఆ తర్వాత పైకి చదివేవాడు. పైకి చదివేటప్పుడు కుడిచేతి బొటనవేలు కాగితం మీద ఏదో ఒకచోట ఆనించి పెట్టేవాడు. ఆ వేలు కింద ఉన్నది మాకు వినపడేది కాదు.

మొదట్లో ఎవరికీ తెలియలేదు. ఎదురింటి నాగమ్మ కనిపెట్టింది.

"మామా, నీ బొటనేలు జర పక్కకు తియ్యి. దాని కిందున్నది సదువు."

"ఏం లేదు బిడ్డా, సిరా ఒలికింది."

"నీ ఏలు యాడ పెడితె ఆడ్నే ఒలుకుతదా మామా సిరా?"

మేమంతా నవ్వాం. మామ కూడా నవ్వాడు కాని వేలు తీయలేదు. రెండు రోజుల తర్వాత నాగమ్మ తమ్ముడు వచ్చి, సోలాపూర్‌లో ఆమె మొగుడి చెయ్యి బెల్టులో పడి నలిగిందని నెమ్మదిగా చెప్పాడు. ఆ తమ్ముణ్ని పిలిపించింది మామే. చెడ్డమాట తన నోటితో చెప్పలేడు ఆయన. మగ్గం వాళ్లు తెచ్చిన బొమ్మ బాగాలేకపోయినా బాగాలేదని అనేవాడు కాదు. "సూద్దాం" అనేవాడు. మామ సూద్దామన్నాడంటే ఆ పని కానట్టే అని అందరికీ తెలుసు.

ఇక గ్రీటింగుల సంగతి.

బడికి పోయే పిల్లలు కొత్త సంవత్సరానికి గ్రీటింగులు ఇచ్చుకోవడం మొదలైన రోజులవి. బస్టాండు దగ్గర దుకాణంలో గులాబీలవి, మునిగే సూర్యుడివి అమ్మేవాళ్లు. ఒకసారి నాగమ్మ కొడుకు సోలాపూర్‌లో ఉన్న తండ్రికి పంపుదామని సూర్యుడి బొమ్మది కొనుక్కొచ్చి, అడ్రసు రాయమని మామకు ఇచ్చాడు.

మామ దాన్ని అటూ ఇటూ తిప్పి, "సోలాపూర్ల సూర్యుడు లేడారా?" అన్నాడు.

"ఉన్నడు తాతా."

"మరి ఆడ ఉన్నదాన్నే పంపుతవెందుకు? లేనిది పంపాలె. పెట్టు కాలు ఇట్ల."

అట్టలు కత్తిరించగా మిగిలిన ముక్క ఒకటి నేల మీద పరిచి, వాడి ఎడమకాలు దాని మీద పెట్టించి, చెవి మీది పెన్సిలు తీసి చుట్టూ గీశాడు. వాడు కితకితలకు ఎగిరాడు.

"కదలకురా. కదిలితె మీ నాయిన నీకు ఏనుగు సెప్పులు తెస్తడు."

అప్పటినుంచి ప్రతి ఏడూ శివరాత్రి పోయాక మామ వాకిట్లో ఇదే పని. జనవరిలో కాదు. ఎండలు ముదిరేలోగా పాదం కొలత తండ్రికి చేరాలి, ఎండాకాలం సెలవుకు వచ్చేటప్పుడు ఆ కొలతకు చెప్పులు తేవాలి, అదీ ఆయన లెక్క. చెప్పుల కొలతకు చీపురుపుల్ల విరిచి పంపడం మాకు అలవాటే. కాని పుల్లకు వేళ్లుండవు. మామ పిల్లలతో అట్టను మధ్యకు మడిపించేవాడు. లోపల పాదం. పైన గంజితో అంటించిన అట్ట బిళ్లలు, పువ్వులాగానో, చేపలాగానో, ఎవరికి ఏది వస్తే అది. అంచుకు సూదితో గుచ్చిన తెగిన జరీ పోగు. పాదం మడమ కింద పిల్లల చేతిరాతతో ఒకే ఒక్క వరస.

ఆ వరసకు ఒక షరతు ఉండేది. ఎప్పుడొస్తవ్ అని రాయకూడదు. ఎవరైనా రాస్తే అట్ట మార్చి మళ్లీ చేయించేవాడు.

"గది అడగొద్దు బిడ్డా. ఆడ మీ నాయిన అన్నం ముందల వెట్టుకోని సదువుతడు."

మా బిడ్డ జములమ్మ, మేం జమ్మి అనేవాళ్లం, అట్లాంటివి రెండు చేసింది. మొదటిదాన్లో "నాయినా, నాకు పలక పగిలింది" అని రాసింది. రెండోదాన్లో "నాయినా, పిల్లి మూడు పిల్లలను పెట్టింది" అని. రెండుసార్లూ మా ఆయన వాటికి సరిపోయే చెప్పులు తెచ్చాడు. అట్ట మీద పెట్టి చూస్తే గీతకు ఇటూ అటూ పోలేదు.

ఆ రెండో ఏడే వానాకాలంలో జమ్మికి జ్వరం వచ్చింది. మూడోరోజు మధ్యాహ్నానికి చూపు నిలవలేదు. దవాఖానలో కర్నూలు తీసుకుపొమ్మన్నారు. మామా నేనూ బస్సులో తీసుకుపోయాం. ఎర్రవల్లి దాకా నా ఒళ్లో వేడిగా ఉంది. ఎర్రవల్లి దాటాక మామ తన కండువా విప్పి దాని ముఖం మీద కప్పాడు. ఏమీ చెప్పలేదు. చెప్పలేడు కదా. కండువా కప్పాడు, అంతే. బస్సు దిగి, ఇంకో బస్సు ఎక్కి, అదే కండువాలో వెనక్కి తెచ్చుకున్నాం. మర్నాడు పొద్దున మగవాళ్లు వాగు వైపు తీసుకుపోయారు. ఎత్తుకున్నది మామే.

సరిగ్గా ఆ వారమే బీవండి నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆయనకు కామెర్లు ముదిరి దవాఖానలో పడి ఉన్నాడని ఆయనతో ఉండేవాళ్లు రాశారు. ఈసారి మామ వేలు పెట్టలేదు. మొత్తం చదివాడు. చదివి నా వైపు చూడకుండా అన్నాడు:

"ఇప్పుడు జమ్మి సంగతి రాస్తె వాడు ఆడ్నే పోతడు బిడ్డా. లేవనీ. ఇంటికి రానీ. నేనే చెప్త. నా నోటితోని నేనే చెప్త."

"నువ్వు చెప్పగలుగుతవా మామా?" అని అడిగాను.

"చెప్త. నా మీద ఒట్టు."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోలేదని ఇప్పుడు రాస్తే అది ఇంకో అబద్ధం. నాకు మిగిలింది మా ఆయనొక్కడే. ఉన్న ఒక్క బిడ్డ పోయింది. ఆయన కూడా పోతే ఎట్లా అని నేనూ అనుకున్నాను. మామ "అందరం క్షేమం" అని రాశాడు. రాసింది నాకు చదివి వినిపించాడు కూడా.

మా ఆయన లేచి తిరిగాడు. దీపావళికి వస్తాడనుకున్నాం, రాలేదు. వీధిలో అందరికీ చెప్పి పెట్టాం, బీవండిలో ఉన్న మనవాళ్లకెవరికీ ఈ మాట పొక్కనీయొద్దని. శివరాత్రి పోయింది. మామ వాకిట్లో పిల్లలు అట్టల చుట్టూ మూగారు. నేను తలుపు వేసుకుని లోపల ఉండిపోయాను. మరో పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. మామ చదువుతూ చదువుతూ బొటనవేలు ఆనించాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. "సదువు మామా."

"జమ్మి గ్రీటింగు రాలేదేంది అని అడిగిండు."

మర్నాడు మామ నాగమ్మ చిన్న కూతుర్ని లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, దాని కాలు గీశాడు. దానికీ జమ్మి వయసే. "ఇది ఎవలికి తాతా? మా నాయినకు పంపినం గద?" అని అది అడిగింది. "ఎవలికీ కాదు, పో, ఆడుకో" అన్నాడు. అది పోయాక పెన్సిలు ఎడమచేతిలోకి తీసుకున్నాడు. రాత పిల్లల రాతలా రావాలి కదా. ఎడమచేత్తో, వంకరటింకరగా, నాలుక పంటి కింద నొక్కుకుని రాశాడు. ఏం రాశావని అడిగాను.

"నాయినా, నేను బాగున్న."

అట్ట నా చేతికిచ్చాడు. నాకు చదవడం రాదు కాని పాదాన్ని చూడటం వచ్చు. మా జమ్మికి పుట్టుకతోనే ఎడమకాలి చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉండేది. దాని పాదం గీస్తే నాలుగు వేళ్లే కనిపించేవి. ఈ పాదానికి ఐదు వేళ్లున్నాయి. వందల కాళ్లు గీసిన మామకు అది గుర్తులేదు.

నేను చూశాను. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నన్ను నేను ఇప్పటికీ అడుగుతాను. ఒక్కోసారి, అట్లాగైనా మా ఆయనకు తెలియాలని ఊరుకున్నానేమో అనిపిస్తుంది. ఒక్కోసారి, అంతసేపు కష్టపడిన ముసలాయన్ని మళ్లీ గీయమనలేక ఊరుకున్నాననిపిస్తుంది. అట్టను ఆయన చేతికే తిరిగి ఇచ్చాను. పోస్టులో వేశాడు.

ఆ ఎండాకాలం మా ఆయన రాలేదు. పని వదిలితే మళ్లీ దొరకదని రాశాడు. జమ్మి ఎట్లుందని ఆ ఉత్తరంలో అడగలేదు. ఆ తర్వాత ఏ ఉత్తరంలోనూ అడగలేదు. మామ దాన్ని గమనించాడో లేదో నాకు తెలియదు. నేను గమనించాను. పని తొందరలో ఉన్నాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఏడాది తిరిగి శివరాత్రి వచ్చింది. మామ నన్ను పిలిచి, నా వైపు చూడకుండా, ఇనుప పలకను గుడ్డతో తుడుస్తూ అడిగాడు:

"ఏడాదికి ఎంత పెరుగుతది బిడ్డా, ఆ వయసు పిల్లల కాలు?"

నేను నా వేలు చూపించాను. "ఒక ఏలు మందం."

ఆయన తల ఊపి, వేలు మందం కలిపి గీశాడు. బిడ్డ పోయిన రెండో ఏడు నేను దాని కాలిని పెంచాను. ఇది మామ ఒక్కడి పాపం కాదని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.

ఆ ఏడు ఎండాకాలం కూడా దాటి, మొదటి వానలు పడ్డాక, ఒక సాయంత్రం మా ఆయన చెప్పాపెట్టకుండా వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. గడపలో సంచి దించాడు. నేను దాన్ని విప్పాను. సబ్బులు ఉన్నాయి, నాకు ఒక చీర ఉంది, మిఠాయి పొట్లం ఉంది. అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాను. చెప్పులు లేవు. బయటికి తీసినవన్నీ మళ్లీ సంచిలో సర్దాను.

ఎవరు చెప్పారో, మామ వచ్చాడు. జుట్టు నిండా బిళ్లలే. దారి పొడవునా ఆ మాట అప్పజెప్పుకుంటూ వచ్చినట్టు పెదవులు కదులుతున్నాయి. మా ఆయన లేచి చాప వేశాడు.

"కూసో కాకా."

"కొడుకా, నీకు ఒక మాట చెప్పాలె."

"చాయ్ తాగు. సల్లారిపోతది."

"రెండేండ్ల కింద చెప్పాల్సింది. జమ్మి…"

"మా జమ్మి చిటికెనేలు పక్కేలు మీదికి ఎక్కి ఉంటది కాకా" అన్నాడు మా ఆయన. గొంతు పెంచలేదు. "నువ్వు పంపిన కాలుకు ఐదు వేళ్లు సక్కగున్నయి."

మామ చాయ్ సాసరు చాప పక్కన పెట్టేశాడు.

"ఏడాది సంది తెల్సు నీకు?" అన్నాను నేను. "తెల్సి ఎందుకు రాలే?"

ఆయన నా వైపు తిరగలేదు. "గ్రీటింగులు వస్తుండె గద. నేనొస్తే ఆగిపోతయి."

మామ ఒక్కసారిగా మా ఆయన చెయ్యి పట్టుకుని తన చెంప మీద కొట్టుకోబోయాడు. మా ఆయన చెయ్యి బిగబట్టాడు. "వద్దు కాకా. ఆడ నాకు కూడా గా గ్రీటింగులే దిక్కు" అన్నాడు. తిడితే మామ తట్టుకునేవాడు. కొడితే ఇంకా బాగుండేది. ఈ మాటకు మాత్రం ఆయన చాప మీద పక్కకు ఒరిగి, చిన్నపిల్లవాడిలా మోకాళ్లు కడుపులోకి ముడుచుకున్నాడు. చెప్తానని ఒట్టు పెట్టుకున్న మాట ఆయన నోటి నుంచి చివరికీ రాలేదు.

ఆ రోజు తర్వాత మామ పిల్లల కాళ్లు గీయలేదు. శివరాత్రి పోయాక పిల్లలు వస్తే, "మీ అమ్మలతోని గీయించుకోండి బిడ్డా, వాళ్లకు తెలుస్తది" అని పంపేసేవాడు. ఉత్తరాలు చదివే పద్ధతి మారిపోయింది. కాగితాన్ని నేల మీద పరిచి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకే గొంతుతో చదివేవాడు. చావు ఉంటే చావు చదివేవాడు, రోగం ఉంటే రోగం. ముందుగా లోపల చదువుకునేవాడు కూడా కాదు. ఆడవాళ్లు భయపడి ఆయన దగ్గరికి పోవడం మానేశారు. "వేలు పెట్టినప్పుడే బాగుండె మామా" అని నాగమ్మ ఒకసారి ఆయన ముఖం మీదే అంది. ఆయన సుత్తి అందుకున్నాడు. అట్టలు కొడుతూనే ఉన్నాడు, పోయిన నెల దాకా.

ఆ సాయంత్రం తర్వాతి పొద్దు గురించి ఒక్కటి మిగిలింది.

చీకటి పడే ముందు మా ఆయన అడిగాడు, "యాడ పెట్టిన్రు?" అని. నాకు తెలియదు. ఆడవాళ్లం ఆ చోటికి పోము. తీసుకుపోయిన నలుగురిలో మామ ఒక్కడే ఊళ్లో ఉన్నాడు. తెల్లవారగానే ఆయన తలుపు తట్టాం. నేనూ వస్తానన్నాను, వద్దని ఎవరూ అనలేదు. చెంబుతో నీళ్లు తీసుకుని వాళ్ల వెనక నడిచాను. వాగు పక్కన తుమ్మచెట్లు నడుము ఎత్తు పెరిగి ఉన్నాయి. రెండు వానాకాలాల నీళ్లు గట్టును కోసుకుంటూ పోయాయి. మామ ఒకచోట నిలబడి, "ఈడ్నే" అన్నాడు. మా ఆయన కూర్చుని మట్టి మీద చెయ్యి పెట్టాడు. మామ నాలుగడుగులు వేసి వెనక్కి చూసి, "కాదు కొడుకా, ఈడ. మూడు రాళ్లు పెట్టిన" అన్నాడు. అక్కడ రాళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇంకోచోటు చూపించాడు, ముళ్లు చేతులకు గీసుకుంటున్నా కొమ్మలు తోస్తూ మరోచోటు చూపించాడు. చివరికి మా ఆయన, "సాలు కాకా, ఎండ ఎక్కుతుంది" అని ఆయన్ని పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టాడు.

నేను మామ చెయ్యి చూపించిన మొదటి చోటికి పోయి కొన్ని నీళ్లు పోశాను. రెండో చోట పోశాను. మూడో చోటికే చెంబు ఖాళీ అయింది. వాగులోకి దిగి నింపుకొచ్చి, మిగిలిన చోట్ల కూడా పోశాను.